ఆయన్ని అడిగి చెప్తాను

ఆ ఇంట్లో ఫోను మోగితే ఆమె వెంటనే ఎత్తదు. మూడుసార్లు మోగనిస్తుంది. మొదటిసారికే ఎత్తేస్తే, పనీపాటా లేక ఫోను పక్కనే కూచున్నామనుకుంటారని ఆమె భర్త అనేవాడు. ఆయన ఉన్న రోజుల్లో ఎవరూ అలా అనుకునే వీలే లేదు. బల్ల మీద విప్పిన మిషను, పళ్ళ మధ్య స్క్రూ, మోచేతుల దాకా నల్లటి పొడి. ఫోను మోగి మోగి దానంతటదే ఊరుకునేది. ఇప్పుడు మాత్రం ఆ మాట అక్షరాలా నిజం. ఆమె ఫోను పక్కనే కూచుంటోంది.

ఆయన ఫ్యాక్సు మిషన్లు బాగుచేసేవాడు. ముప్ఫై ఏళ్ళు అదే బతుకు. ఆఫీసన్నదల్లా ఫ్యాక్సు పెట్టుకున్న కాలంలో, మూడో అంతస్తులోని ఈ రెండు గదుల ఇంటికి మనుషులు మెట్లెక్కి వచ్చేవారు. డాక్టరు దగ్గరికి పిల్లల్ని ఎత్తుకొచ్చినట్టు మిషన్లు ఒళ్ళో పెట్టుకుని వరండాలో వరసగా కూచునేవారు. తర్వాత కంప్యూటర్లొచ్చాయి, సెల్‌ఫోన్లొచ్చాయి. వచ్చేవాళ్ళు ఒక్కరొక్కరే జారుకున్నారు. చివరికి చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు ముగ్గురు మిగిలారు. సంతకం పెట్టిన కాగితం ఫ్యాక్సులో వస్తే తప్ప లారీని కదలనివ్వని ఒక రవాణా ఆఫీసు. డాక్టర్లకు రిపోర్టులు పంపే ఒక రక్తపరీక్షల ల్యాబు. కాగితమై చేతికి రానిదేదీ నమ్మని ఒక మందుల షావుకారు.

ఆ ముగ్గురికీ మెకానిక్ పోయినట్టు తెలియదు. పోయి ఎనిమిది నెలలైంది.

దాచాలని దాచలేదు ఆమె. ఒక ఉదయం పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బయల్దేరిన మనిషి రెండో అంతస్తు మలుపులో కూలబడిపోయాడు. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. కళ్ళు తెరిచాడు గానీ నోరు తెరవలేదు. అయిదో రోజు లేడు. పిల్లలు లేని ఇల్లు. ఆమె చెల్లెలు వచ్చి పదిహేను రోజులుండి, తన సంసారం తనకుంది కాబట్టి వెళ్ళిపోయింది. బంధువులందరికీ కబురు చేసింది ఆ చెల్లెలే. ఆ పదిహేను రోజులూ ఫోను చేసిన బంధువులంతా గొంతు తగ్గించి, దిండులోంచి మాట్లాడినట్టు మాట్లాడారు. "ఎలా జరిగిందమ్మా", "ధైర్యంగా ఉండాలమ్మా" అని. ఆ మెత్తదనం వింటే ఆమెకు ఊపిరాడేది కాదు.

చెల్లెలు వెళ్ళిన మర్నాడు పొద్దున్న పదింటికి ఫోను మోగింది. ఎత్తింది.

"ఏడీ మహానుభావుడు?" అవతల ఒక గొంతు అరిచింది. "అర్జంటమ్మా! మిషను తెల్ల కాగితాలు కక్కుతోంది. లారీలు రెండు గేటు దగ్గర నిలబడిపోయాయి. డ్రైవర్లు నన్ను పచ్చిగా నమిలేస్తున్నారు. ఆయన్ని పిలువు!"

రవాణా ఆఫీసు గుమాస్తా. ఆమె ఆయన్ని ఎప్పుడూ చూడలేదు, గొంతు మాత్రమే తెలుసు. ఆయనకు ప్రతిదీ అర్జంటే కాబట్టి, మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇంట్లో ఆయనకు "అర్జంటుగారు" అని పేరు పెట్టుకున్నారు. మెకానిక్‌కీ ఆయనకీ పాతికేళ్ళ స్నేహం. స్నేహమంటే ఒకర్నొకరు తిట్టుకోవడమే.

చెప్పాలనే నోరు తెరిచింది ఆమె. కానీ ఆ గొంతులో మెత్తదనం లేదు. ఆ గొంతు తిడుతోంది. తిట్టేది బతికున్న మనిషినే కదా. ఆ అరుపు వినబడుతున్నంతసేపూ ఆయన పక్క వీధిలో ఎక్కడో మిషను విప్పుకుని కూచున్నట్టే ఉంది.

"బయటికెళ్ళారండీ," అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని కాస్సేపటికి గానీ ఆమెకు తెలియలేదు. "పనిలో ఉన్నారు. అక్కడికి ఫోను చేసి, ఆయన్ని అడిగి చెప్తాను. పది నిమిషాలు ఆగండి."

"సెల్‌ఫోను కొనుక్కోమని చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది!"

"మీకు తెలియంది కాదు. దాన్ని చూస్తేనే ఆయనకు ఒళ్ళుమంట."

"మంటగానే ఉంటుంది మరి, ఫ్యాక్సుకి సవతి కదూ!" అని నవ్వి పెట్టేశాడు.

అడగడానికి ఎవరూ లేరు. అడగాల్సిన అవసరమూ లేదు. తెల్ల కాగితం ఎందుకొస్తుందో ఆమెకు తెలుసు. చదివింది అయిదో తరగతి. మిషను మీది ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు రావు. కానీ ఆయన ఫోనులో చెప్పే మాటలు ముప్ఫై ఏళ్ళు వంటింట్లోంచి విన్నది. పక్కన కూచుని టార్చి పట్టింది. రోలర్ల మధ్య చిక్కుకున్న కాగితం ముక్కల్ని, "నీ వేళ్ళు సన్నం, నువ్వొచ్చి లాగు" అని పిలిస్తే వెళ్ళి లాగింది. స్క్రూ మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు.

అయినా వెంటనే ఫోను చెయ్యలేదు. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. పక్క వీధికి ఫోను చేసి, ఆయన్ని పిలిపించి, అడిగి, విని, మళ్ళీ చెప్పడానికి పది నిమిషాలైనా పట్టదూ? ఆ పది నిమిషాలూ వెళ్ళి ఆయన బల్ల దగ్గర, తను టార్చి పట్టుకుని కూచునే పీట మీద కూచుంది. ఎదురుగా ఆయన కుర్చీ.

"తెల్లగా వస్తోందిట," అంది కుర్చీ వైపు చూసి. "కొత్త చుట్ట వేసుంటారు. అంతేనా?"

ఇంకేముంటుందన్నట్టు ఉంది కుర్చీ.

పదకొండో నిమిషంలో ఫోను చేసింది. "కాగితం చుట్ట కొత్తది వేశారా అని అడుగుతున్నారు."

"నిన్ననే వేశాం. అయితే?"

"దాన్ని బయటికి తీసి, రెండు వైపులా గోటితో గీకి చూడండి. ఏ వైపు నల్లగా గీత పడుతుందో అది మందు పూసిన వైపు. ఆ వైపు వేడి తగలాలి, అప్పుడే అచ్చు పడుతుంది. మీరు చుట్ట తిరగేసి వేశారట."

అవతల కాసేపు గరగరలు, మూత పడిన చప్పుడు. తర్వాత అర్జంటుగారి నవ్వు. "గోటితో పోయేదానికి రెండు లారీలు ఆపానా నేను! వచ్చిందమ్మా, అచ్చు వస్తోంది. బతికించాడని చెప్పు ఆయనకి."

"చెప్తాను," అంది ఆమె.

మళ్ళీ ఫోను చేసినప్పుడు అసలు సంగతి చెప్పేద్దామనుకుంది. కానీ ఆ ఫోన్లు నెలకు నాలుగో అయిదో. మోగేసరికి ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉండేది. వారంగా ఎవరితోనూ మాట్లాడని గొంతు. వెతుక్కుంటూ వచ్చిన మాటని చేతులారా ఎలా తోసేసుకుంటుంది?

ల్యాబులో ముందు బల్ల దగ్గర కూచునే అమ్మాయి ఒకసారి ఏడుపు గొంతుతో చేసింది. "ఆంటీ, ఏ రిపోర్టు పంపినా నిలువునా నల్ల గీత పడుతోందిట. అందరి రక్తాన్నీ కొట్టిపారేశావా అని డాక్టరుగారు కేకలేస్తున్నారు."

"ముందు అదే మిషన్లో ఒక కాపీ తీసి చూడమ్మా. కాపీలోనూ గీత ఉందా?"

"ఉందాంటీ."

"అయితే ఆగు. ఆయన్ని అడిగి చెప్తాను."

పది నిమిషాల తర్వాత: "లోపల కాగితాన్ని చదివే అద్దం పట్టీ ఉంటుంది. దాని మీద ఏదో అంటుకుందట. నువ్వు వైట్‌నర్ వాడతావా?"

"వాడతాను."

"అది ఆరకముందే కాగితం మిషన్లో పెట్టేస్తావు. ఆ చుక్క వెళ్ళి అద్దానికి అంటుకుంది. మెత్తటి గుడ్డ కాస్త తడిపి తుడువు. ఒక తప్పు దిద్దే తొందరలో ఇంకో తప్పు చెయ్యొద్దని చెప్పమన్నారు అంకుల్."

ఆ అమ్మాయి కిలకిలా నవ్వింది. ఆ నవ్వు ఆమెకు రెండు రోజులు సరిపోయింది.

మందుల షావుకారుది ఇంకో గోల. ఆయనకు వచ్చే ఫ్యాక్సు రోజూ సగంలో తెగిపోయేది. "సగం పేరొచ్చి ఆగిపోతే ఏ మందు పంపనమ్మా నేను? దగ్గు మందు కావాలన్నవాడికి దోమల మందు పంపనా?"

అడిగి చెప్పింది. "ఆ ఫ్యాక్సు లైనుకే ఇంకో ఫోను కలిపి ఉందా మీకు?"

"మేడ మీద ఉంది. మా ఆవిడది."

"అది ఎత్తితే కింద ఫ్యాక్సు తెగుతుందట. రోజూ పదకొండింటికే తెగుతోందన్నారుగా. పదకొండింటికి ఆవిడ ఎవరికి చేస్తారు?"

షావుకారు గొంతు చిన్నబోయింది. "వాళ్ళక్కకి."

"అయితే మీరే చెప్పుకోండి. అది మెకానిక్‌తో అయ్యే పని కాదట."

ఒకసారి వచ్చి చూసి పొమ్మని ముగ్గురూ అడిగేవారు. ఫోనులో అయిపోయేదానికి మెట్లెక్కి దిగడం ఎందుకన్నారని చెప్పి తప్పించేది. రానురాను ఆ పది నిమిషాల కోసమే ఫోను మోగాలని ఆమె చూడసాగింది. మిగతా రోజంతా ఇంట్లో ఏ పని చేసినా ఒక్కదానికే చెయ్యాలి. ఆ పది నిమిషాలు మాత్రం ఇద్దరి పని. పీట మీద కూచుని సంగతంతా వివరంగా చెప్పేది. ఆయనైతే ఏమడిగేవాడో అది పైకి అడిగేది. జవాబు తనే చెప్పేది. ఒక్కోసారి మిషను సంగతి ఒక్క నిమిషంలో తేలిపోయేది. మిగిలిన తొమ్మిది నిమిషాలూ నల్లా కారుతోందనీ, కింది వాటాలోకి కొత్తవాళ్ళొచ్చారనీ చెప్పుకునేది.

ఆదివారం ఆదివారం చెల్లెలు చేసేది. "ఇంకా ఆ ఫోనెందుకక్కా? తీసేయించి నా దగ్గరికొచ్చెయ్. ఒక్కదానివీ ఆ ఇనప సామాను మధ్య ఏం చేస్తావు?"

"ఎవరో ఒకరు చేస్తూంటారే."

"ఎవరు చేస్తారు? బావ పోయాడని తెలిశాక ఎవరికేం పని?"

ఆమె నీళ్ళు నమిలింది. చెల్లెలు చెవినిల్లు కట్టుకుని పోరినా అసలు సంగతి చెప్పలేదు. ఆమె భయం కూడా అదే. తెలిసిన రోజున ఎవరూ చెయ్యరు. ఫోను మూగబోతుంది. ఊళ్ళో మూడు చోట్ల ఆయన ఇంకా బతికే ఉన్నాడు. ఆ మూడు చోట్లా ఆమే నోటితో చంపాలి.

నాలుగో నెలలో ఒకరోజు అర్జంటుగారు ఉన్నట్టుండి, "మీ ఆయనకి ఒంట్లో బాగానే ఉందామ్మా?" అన్నాడు.

"ఏమండీ?"

"నన్ను తిట్టడం మానేశాడు. మూడు నెలలుగా ఒక్క తిట్టు లేదు. ఇంత మర్యాద ఆయన ఒంటికి పడేది కాదే! నేనేమైనా తప్పు చేశానా?"

ఆ రోజు నుంచి జవాబుతోపాటు ఒక తిట్టు కూడా తయారుచెయ్యాల్సొచ్చింది. నోట్లో నాలుక లేని మనిషి ఆమె. ఎదటివాళ్ళు కాలు తొక్కితే తనే క్షమించమనే రకం. పది నిమిషాల్లో అయిదు నిమిషాలు తిట్టుకే పట్టేవి. "ఆడలేక మద్దెల ఓడన్నది మీలాంటివారేనట, చెప్పమన్నారు," అంది మొదటిసారి భయం భయంగా.

"అదీ! ఇప్పుడు ప్రాణం లేచొచ్చింది," అన్నాడు అర్జంటుగారు.

ఏడో నెలలో అర్జంటుగారి మిషను మూలగడం మొదలుపెట్టింది. "కాగితం లోపలికి లాక్కునేటప్పుడల్లా మూలుగుతోందమ్మా, ముసలాణ్ణి మెట్లెక్కించినట్టు."

"రిసీవరు మిషను దగ్గర పెట్టి ఒక కాగితం లాగించండి," అనేసింది ఆమె. అన్నాక నాలిక కరుచుకుంది. అడక్కుండానే అనేసింది! "అదే… ఆయన ఎప్పుడైనా ముందు అడిగేది అదే కదండీ."

అర్జంటుగారు అలాగే పెట్టాడు. ఆమె రెండో చెవి మూసుకుని విన్నది. మూలుగు వెనకాల ఇంకో చప్పుడుంది. టిక్. కాస్త ఆగి టిక్. మళ్ళీ టిక్. పళ్ళ చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక్కచోటే దేనికో తట్టుకుంటోంది. ఆమె మనసులో ఆ చక్రం కనబడింది, దాని పళ్ళ మధ్య ఇరుక్కున్న చిన్న ఇనప ముక్కా కనబడింది.

పది నిమిషాల తర్వాత చేసింది. "స్టేప్లర్ పిన్ను తియ్యకుండా కాగితం పెట్టారట. ఎడంవైపు మూత కింద చక్రంలో ఇరుక్కుని ఉంటుంది. ముందు ప్లగ్గు పీకండి. తాళంచెవితో పొడవకండి. సన్నటి పట్టకారుతో తియ్యండి."

కాసేపటికి ఆయనే మళ్ళీ చేశాడు. "దొరికింది, పిన్నే! ఆయనకి కళ్ళు ఫోనులో ఉన్నాయామ్మా?"

"పిన్నుతో సహా కాగితం మింగమంటే మీరైనా మింగుతారా అని అడగమన్నారు."

అర్జంటుగారు దగ్గొచ్చేదాకా నవ్వాడు.

ఎనిమిదో నెల చివర్లో ఒక శుక్రవారం, మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్ళీ ఆయనే. ఈసారి అర్జంటు అనలేదు.

"అమ్మా, ఇవాళ నా ఆఖరి రోజు. రిటైరైపోతున్నాను. సోమవారం నుంచి అంతా కంప్యూటర్లోనేట. మన మిషన్ని పాత సామాన్లవాడికి వేసేద్దామన్నారు. నాకు మనసొప్పలేదు, అడిగి తీసుకున్నాను. మీ ఆయనకిద్దామని. ఇరవై రెండేళ్ళు దాని ప్రాణం నిలబెట్టింది ఆయనే కదా."

"ఆయన్ని… ఆయన్ని అడిగి…"

"అడిగేదేం లేదు. నాలుగింటికి నేనే తెస్తున్నాను. ఎక్కడ పనున్నా మానుకుని ఇంట్లో ఉండమను. ఇన్ని నెలలుగా నీ గొంతే గానీ ఆయన గొంతు విన్న పాపాన పోలేదు. ఇవాళ ఎదురుగా కూచోబెట్టి తిట్టాలి, కసి తీరా." పెట్టేశాడు.

మూడు గంటల టైముంది. కాలుగాలిన పిల్లిలా ఆమె రెండు గదుల్లోనూ తిరిగింది. తాళం వేసుకుని ఎటైనా పోదామా అనుకుంది. పోతే మెట్ల మీదే కూచుంటాడు, అలాంటి మనిషే. గోడ మీది ఆయన ఫొటో తీసి బీరువాలో బట్టల కింద పెట్టింది. పొరుగూరు పని మీద వెళ్ళారని చెప్పొచ్చు. అయితే రేపొస్తానంటాడు. రేపూ రాలేదంటే ఎల్లుండొస్తానంటాడు. రేపటి నుంచి ఆయనకు వేరే పనేముంది? బీరువా తలుపు పట్టుకుని నిలబడింది. బట్టల కింద ఆయన ముఖం ఊపిరాడకుండా ఉన్నట్టనిపించింది. తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ మేకుకి తగిలించింది.

నాలుగు కాకముందే మెట్ల మీద రొప్పు వినిపించింది.

ఆ గొంతు విని ఆరడుగుల మనిషనుకుంది ఇన్నేళ్ళూ. తలుపు తీస్తే, ఆమె భుజం దాకా వచ్చే బట్టతలాయన మిషన్ని రెండు చేతులా పొట్టకానించుకుని నిలబడి ఉన్నాడు. "ఏడీ? ముందు దీన్ని అందుకోమను. నడుం పోయిందమ్మా!"

రెండో వైపు ఆమె పట్టుకుంది. ఇద్దరూ మోసుకెళ్ళి బల్ల మీద పెట్టారు. అర్జంటుగారు చెమట తుడుచుకుంటూ బల్లకేసి చూశాడు. స్క్రూ డ్రైవర్లు పొడుగు వరసలో, గుడ్డలు మడతల్లో, ఎక్కడా నల్ల పొడి మరక లేదు. "ఇదేమిటి, పెళ్ళిచూపులకి సర్దినట్టు?" అంటూ వెనక్కి తిరిగాడు. గోడ మీద ఫొటో చూశాడు. ఫొటో చూసి, ఆమెను చూశాడు.

ఆ మాట ఆమె ఇప్పటిదాకా తన నోటితో అనలేదు. ఆస్పత్రిలో డాక్టరన్నాడు. బంధువులకు చెల్లెలు చెప్పింది. ఆమె గోడ పట్టుకుంది.

"ఆయన చనిపోయారండీ."

"ఎప్పుడు?"

"ఎనిమిది నెలలైంది. ఆస్పత్రిలో నాలుగు రోజులున్నారు."

అర్జంటుగారు వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపాడు. "మరి మొన్న పిన్ను తీయించింది?"

"నేనే."

"గోటితో గీకమన్నది?"

"అదీ నేనే."

"పిన్నుతో సహా మింగుతారా అన్నది?"

ఆమె తల దించుకుంది.

"'మిషనుకి బుద్ధుంది, వాడేవాడికే లేదు' అన్నది?"

"అది ఆయనదేనండీ. పాతది. మీ గురించి ఎప్పుడూ అనేవారు."

ఆయన నవ్వలేదు. మెకానిక్ కుర్చీలో కూచోబోయి, ఆగి, పీట మీద కూలబడ్డాడు. ఇప్పుడు గొంతు తగ్గించి ధైర్యంగా ఉండాలమ్మా అంటాడని ఆమె ఎదురుచూసింది. ఆయన ముఖం ఎర్రబడింది.

"నేను ఆయన్ని తిట్టానమ్మా," అన్నాడు. "ఎనిమిది నెలలు, పోయిన మనిషిని తిట్టాను. ఎక్కడ చచ్చాడు అని కూడా అన్నాను ఒకసారి. నువ్వది విని, పనిలో ఉన్నారండీ అన్నావు."



"నీకు మొగుడే, కాదన్ను. నాకు మాత్రం ఎవరున్నారు? మా ఆఫీసులో నాతో పని గురించి తప్ప మాట్లాడినవాడు లేడు. పోట్లాడుకోడానికి నాకున్నది ఆ ఒక్క మనిషి. ఆస్పత్రిలో నాలుగు రోజులున్నాడంటున్నావు. నాలుగు వీధుల అవతలే ఉన్నాను నేను. ఒక్క ఫోను చేస్తే పరిగెత్తుకొచ్చేవాణ్ణి. ఆఖరిచూపుక్కూడా నోచుకోకుండా చేశావు."

ఇన్నాళ్ళలో ఆమెకు ఆ ఆలోచనే రాలేదు. ఆయన తనకొక్కదానికే పోయాడనుకుంది. దుఃఖమంతా తన ఇంట్లోనే ఉందనుకుంది.

"మీరు చేసినప్పుడల్లా ఆయన ఇంకా ఉన్నట్టుండేదండీ," అంది చివరికి. "చెప్తే ఇంక చెయ్యరని భయమేసింది."

"చేసేవాణ్ణి కాదు. నిజమే," అన్నాడాయన. "ఇంకో మెకానిక్‌ని వెతుక్కునేవాణ్ణి. అయినా సరే, చెప్పాల్సింది."

మంచినీళ్ళిస్తే తాగాడు. గ్లాసు చేతిలోనే పెట్టుకుని అడిగాడు. "ఆఖర్న నా గురించేమైనా అన్నాడా?"

మిమ్మల్నే తలుచుకున్నారండీ అన్న మాట ఆమె పెదాల దాకా వచ్చింది. అలాంటివి ఎనిమిది నెలలుగా ఎన్ని అల్లలేదు? ఇంకొకటి అల్లితే ఈ మనిషి ఇంటికి కాస్త తేలిగ్గా వెళ్తాడు. కానీ ఆయన కళ్ళలోకి చూస్తే నోరు రాలేదు.

"లేదండీ. ఎవరి గురించీ అనలేదు. నాతో కూడా మాట్లాడలేదు."

ఆయన తలూపాడు. గ్లాసు మిషను పక్కన పెట్టి లేచాడు. గుమ్మంలో ఆగి, "ఎక్కడ పడిపోయాడు?" అన్నాడు.

"కింద, రెండో అంతస్తు మలుపులో."

"ఇంకా ఉన్నారా, నువ్వు చెప్పనివాళ్ళు?"

"ఇద్దరు."

"ఇవాళే చెప్పమ్మా. వాళ్ళ మనిషి కూడా పోయినట్టే కదా."

దిగుతున్న అడుగులు వింటూ ఆమె తలుపు దగ్గరే నిలబడింది. రెండో అంతస్తు మలుపులో అవి ఆగాయి. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత మళ్ళీ మెల్లగా దిగి, వీధి చప్పుళ్ళలో కలిసిపోయాయి.

మందుల షావుకారుకి చేసింది. ఆ మాట అనేటప్పుడు కళ్ళు మూసుకుంది.

"అయ్యో, ఎంత పని జరిగిందమ్మా," అన్నాడు షావుకారు. "నేనూ నీకో సంగతి చెప్పలేదు. ఫ్యాక్సు తీసేసి రెండు నెలలైంది. మా వాళ్ళంతా ఒకటే పోరు, పోనీలెమ్మని తీసేశాను. ఆయన నొచ్చుకుంటాడని చెప్పలేదు."

రెండు నెలలుగా షావుకారు ఎందుకు చెయ్యడం లేదా అని ఆమె ఆలోచించనే లేదు. మిషను బాగుందేమోలే, అనుకుంది.

తర్వాత ల్యాబు. ఆ అమ్మాయి హుషారుగా ఎత్తింది. "ఆంటీ! నూరేళ్ళు మీకు. ఇప్పుడే చేద్దామనుకుంటున్నా. రెండేసి కాగితాలు ఒకేసారి లాగేసుకుంటోంది మిషను, అంకుల్‌ని అడిగి…"

"అంకుల్ చనిపోయారమ్మా. ఎనిమిది నెలలైంది. ఇన్నాళ్ళూ నేనే చెప్తున్నాను. కాగితాలు బాగా విదిలించి పెట్టు, రోలరు తడిగుడ్డతో తుడువు. సరిపోతుంది."

"అయ్యో ఆంటీ…" ఆ అమ్మాయి గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. దిండులోంచి వచ్చినట్టయింది. "నాకు తెలీదు ఆంటీ. ధైర్యంగా ఉండండి ఆంటీ. ఇలాంటప్పుడు మిమ్మల్ని విసిగించాను. ఇంక చెయ్యను ఆంటీ."

"ఫరవాలేదమ్మా, చెయ్యి," అందామనుకుంది. ఈలోగా ఆ అమ్మాయి పెట్టేసింది.

రిసీవరు ఇంకా చేతిలోనే ఉంది. మొదటిసారి ఆ మాట అన్నప్పుడు గోడ పట్టుకుంది. రెండోసారి కళ్ళు మూసుకుంది. మూడోసారి గొంతు వణకనైనా లేదు. పై అంతస్తులో నీళ్ళు రావడం లేదని చెప్పినట్టు చెప్పేసి, ఆ వెంటనే రోలరు ఎలా తుడవాలో కూడా చెప్పింది. అంత తేలిగ్గా ఎలా అనగలిగిందో ఆమెకు అర్థం కాలేదు. అప్పుడు ఏడుపొచ్చింది. ఊరుకోమనేవాళ్ళు లేరు కాబట్టి వచ్చినంతసేపూ ఏడ్చింది. ఏడుపు ఆగాక లేచి ముఖం కడుక్కుంది. బల్ల మీది గ్లాసు తీసి కడిగి బోర్లించింది.

ఆ రోజు ఫోను మోగలేదు. శనివారమూ మోగలేదు.